చేపలు పెరిగాయి, వేట రోజులు తగ్గాయి: రెడ్ స్నాపర్ లెక్కల చిక్కు

హ్యూస్టన్, డాలస్ తెలుగువాళ్లు వేసవిలో వేసుకునే ప్లాన్లలో గాల్వెస్టన్ పడవ ఒకటి. తలా టికెట్ కట్టి పెద్ద పడవెక్కితే, తీరం కనపడనంత దూరం తీసుకెళ్లి గాలం చేతికిస్తారు. ఎర్రగా మెరిసే రెడ్ స్నాపర్ పైకి రాగానే అందరూ ఫొటోల హడావిడిలో పడతారు. డెక్ మీద పనిచేసే కుర్రాడు మాత్రం ముందు కొలబద్ద తీస్తాడు. పదహారు అంగుళాలకు అర అంగుళం తక్కువైనా చేప తిరిగి నీళ్లలోకే. మనిషికి రోజుకు రెండే. మూడోది ఎంత పెద్దదైనా వదిలేయాలి. తల, రెక్కలు ఒడ్డుకు చేరేదాకా తీయకూడదు కాబట్టి పడవ మీదే పులుసు ముక్కలు కొట్టించుకుందామంటే కుదరదు. ఎక్కువైంది కదా అని అపార్ట్‌మెంట్ గ్రూపులో అమ్మితే అది నేరం. కావాలంటే ఊరికే పంచిపెట్టొచ్చు.

“సరదాగా రెండు చేపలు పట్టుకుంటే ప్రభుత్వానికేంటి నష్టం” అని అక్కడ అడగని మనిషి ఉండడు. అడగాల్సిందే. ఈ ప్రశ్న మీద అమెరికాలో ముప్పయ్యేళ్లుగా కోర్టు కేసులు, పార్లమెంటు చర్చలు, శాస్త్రవేత్తల తగాదాలు నడుస్తున్నాయి. ఇంత గొడవలోనూ చేపలు తగ్గలేదు, పెరిగాయి. తగ్గింది వేటకు అనుమతించే రోజులు.

ముందు రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 2008లో గల్ఫ్‌లో సరదా వేటగాళ్లకు ఇచ్చిన రెడ్ స్నాపర్ కోటా 24.5 లక్షల పౌన్లు, వేట తెరిచిన రోజులు 65. 2014కు వచ్చేసరికి కోటా రెట్టింపు దాటి దాదాపు 54 లక్షల పౌన్లయింది. వేట రోజులు మాత్రం తొమ్మిది. రోజుకు మనిషికి రెండు చేపలన్న నిబంధన అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. (ఇక్కడ గల్ఫ్ అంటే దుబాయ్, కువైట్ వైపు కాదు. అమెరికాకు దక్షిణాన ఉన్న మెక్సికో సింధుశాఖ. 2025లో అమెరికా ప్రభుత్వం తన కాగితాల్లో దీని పేరు గల్ఫ్ ఆఫ్ అమెరికా అని మార్చింది.)

కోటా పెరిగితే రోజులెందుకు తగ్గాలి? ఈ ఒక్కటి అర్థమైతే మిగతా రూల్స్ అన్నీ వాటంతటవే విడిపోతాయి.

రెడ్ స్నాపర్ యాభై ఏళ్లకు పైగా బతకగల చేప. వయసు మళ్లిన పెద్ద ఆడచేప పెట్టే గుడ్ల ముందు చిన్న చేపలు పెట్టేవి ఏ మూలకూ రావు. 1980ల చివరికి గల్ఫ్‌లో ఇలాంటి పెద్ద చేపలు దాదాపు కనపడకుండా పోయాయి. ఒకవైపు గాలాలు, ఇంకోవైపు రొయ్యల వలల్లో టన్నుల కొద్దీ చచ్చిపోయిన స్నాపర్ పిల్లలు. సముద్రంలో తీరం నుంచి 200 మైళ్ల దాకా చేపల వేటను, మనకు దిల్లీలాగా, అక్కడి కేంద్ర ప్రభుత్వం చూసుకునేలా అమెరికా 1976లోనే ఒక చట్టం చేసుకుంది. మాగ్నసన్–స్టీవెన్స్ చట్టం అంటారు. దానికి 1996లో చేసిన సవరణలో గల్ఫ్ రెడ్ స్నాపర్ గురించి ప్రత్యేకంగా రాశారు: వ్యాపార వేటకు, సరదా వేటకు కోటాలు విడివిడిగా ఉండాలి, ఎవరి కోటా నిండితే వాళ్ల వేట ఆగాలి. పంపకం 51 శాతం వ్యాపారానికి, 49 శాతం సరదాకు. మళ్లీ 2006లో ఇంకో సవరణ వచ్చి, శాస్త్రవేత్తలు చెప్పిన పరిమితిని దాటి ఏ చేపకూ కోటా ఇవ్వకూడదని కట్టడి చేసింది. 2032 నాటికి రెడ్ స్నాపర్ సంతతి పూర్తిగా కోలుకోవాలన్నది లక్ష్యం.

కాగితం మీద ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. అసలు చిక్కు “కోటా నిండితే” అన్న మాట దగ్గర మొదలవుతుంది. నిండిందని ఎవరు చెప్పాలి?

వ్యాపార పడవల విషయంలో చెప్పడం సులువు. 2007 నుంచి ఒక్కో పడవ యజమానికి ఏడాదికి ఇన్ని పౌన్లని వాటా ఉంది. ఒడ్డుకు రావడానికి కనీసం మూడు గంటల ముందు ఫలానా చోట, ఫలానా టైముకు దిగుతున్నామని కబురు పెట్టాలి. పడవ మీద జీపీఎస్ ఉంటుంది. కొన్న వ్యాపారి కాటా వేసి ఆన్‌లైన్లో ఎక్కిస్తే ఆ బరువు యజమాని ఖాతాలోంచి తగ్గిపోతుంది. అంతకుముందు నెలకు పది రోజులు తెరిచేవారు. గాలివాన ఉన్నా సరే అందరూ ఒకేసారి ఎగబడేవాళ్లు, చేప ఒక్కసారిగా వచ్చిపడి ధర కుప్పకూలేది. వాటాలొచ్చాక ఏడాది పొడుగునా వేటే. వాటాలున్నవాళ్లు ఇంట్లో కూర్చుని కౌలుకిచ్చి డబ్బు తింటున్నారన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ లెక్క మాత్రం పౌనుతో సహా తేలుతుంది.

సరదా వేటకు వచ్చేసరికి టెక్సాస్ నుంచి ఫ్లోరిడా దాకా లక్షల మంది. సొంత పడవలు, సొంత ఇంటి వెనక కట్టుకున్న రేవులు. లైసెన్స్ అడిగినవాళ్లకల్లా ఇస్తారు, ఇంతమందికే అన్న గిరి లేదు. వాళ్లు తెచ్చే చేపకు కాటా లేదు, కొనే వ్యాపారి లేడు. కాబట్టి ప్రభుత్వం చేపల్ని లెక్కపెట్టదు, అంచనా వేస్తుంది. రేవుల్లో అక్కడక్కడా మనుషుల్ని నిలబెట్టి, దిగినవాళ్లను ఆపి ఏం పట్టారో చూస్తారు. దాన్నిబట్టి ట్రిప్పుకు సగటున ఎన్ని చేపలో తేలుతుంది. ఇళ్లకు ప్రశ్నపత్రం పంపి, ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు వేటకెళ్లారని అడుగుతారు. రెండూ గుణిస్తే మొత్తం. చేప పేరు ఏదైనా, సీజన్ రెండు నెలలున్నా రెండు వారాలున్నా పద్ధతి ఇదే. తొమ్మిది రోజులు తెరిచిన వేటను రెండు నెలల సర్వేతో కొలిస్తే ఎంత నిక్కచ్చిగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

చేపల లెక్క చేతికి దొరకనప్పుడు ప్రభుత్వం అదుపు చేయగలిగింది ఒక్కటే, రోజులు. రోజుకు ఇన్ని పౌన్లు పోతాయని అంచనా వేసి, కోటాను దాంతో భాగిస్తే సీజన్ పొడవు వస్తుంది. ఇప్పుడు 2014 చిక్కు విప్పొచ్చు. సంతతి కోలుకోవడంతో పట్టే చేప సగటు బరువు కొన్నేళ్లలోనే దాదాపు రెట్టింపయింది. పట్టడమూ సులువైంది. అంటే ఒక్క రోజులో పోయే పౌన్లు కోటా కంటే వేగంగా పెరిగాయి. చేప బాగా దొరికే కొద్దీ సీజన్ కుంచించుకుపోతుందన్నమాట. సరదా వేటగాళ్లు కోటా దాటేస్తున్నా పట్టించుకోవడం లేదని వ్యాపార మత్స్యకారులు కేసు వేస్తే, 2014 మార్చిలో కోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. దాంతో కోటాలో 20 శాతం ముందుజాగ్రత్తగా పక్కన పెట్టారు. సీజన్ తొమ్మిది రోజులకు దిగింది.

ఆ తొమ్మిదిలో ఇంకో మెలిక ఉంది, రాష్ట్రాల సముద్రం. టెక్సాస్‌కు, ఫ్లోరిడా పడమటి తీరానికి తొమ్మిది నాటికల్ మైళ్ల దాకా సొంత అధికారం. విలీనానికి ముందు టెక్సాస్ స్వతంత్ర దేశంగా ఉన్ననాటి సరిహద్దు అది, 1960లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మిగతా రాష్ట్రాలకు అప్పట్లో మూడే మైళ్లు. తన తొమ్మిది మైళ్లలో టెక్సాస్ ఏళ్ల తరబడి ఏడాది పొడుగునా స్నాపర్ వేట తెరిచే ఉంచింది, అదీ రోజుకు నాలుగు చేపలు, పదిహేను అంగుళాల కొలతతో. కేంద్రం సీజన్ తగ్గించినప్పుడల్లా మిగతా రాష్ట్రాలూ కోపంతో తమ నీళ్లలో రోజులు పెంచుకున్నాయి. అక్కడ పట్టిన చేప కూడా అదే కోటాలోంచి పోతుంది. కాబట్టి కేంద్రం ఇంకా తగ్గిస్తుంది. రాష్ట్రాలు ఇంకా పెంచుతాయి. చివరికి 2017లో కేంద్ర జలాల్లో సొంత పడవలవాళ్లకు ప్రకటించిన సీజన్ మూడు రోజులు.

మూడు రోజులనేసరికి గొడవ రాజకీయమైంది. జూన్ మొదట్లో ఆ మూడు రోజులూ అయిపోయాక, చేపల శాఖ పై అధికారమున్న వాణిజ్య శాఖ వేటను తిరిగి తెరిచి 39 రోజులు కలిపింది. దీనివల్ల పరిమితి దాటిపోతుందని, సంతతి కోలుకోవడం ఆరేళ్ల దాకా ఆలస్యం కావొచ్చని ఆ ఉత్తర్వులోనే రాసుకున్నారు. తప్పని తెలుసు, అయినా చేస్తున్నామని ప్రభుత్వం ఇంత సూటిగా రాసిన కాగితం నాకైతే ఇంకోటి తగల్లేదు. పర్యావరణ సంస్థలు వెంటనే కోర్టుకెళ్లాయి. 2018, 2019ల్లో ప్రయోగంగా రాష్ట్రాలకే పగ్గాలిచ్చి చూశారు. 2020 నుంచి అదే శాశ్వతమైంది. సొంత పడవల కోటాను ఐదు రాష్ట్రాలు పంచుకుంటాయి. ఫ్లోరిడాకు 44.8 శాతం, అలబామాకు 26.3, లూసియానాకు 19.1, టెక్సాస్‌కు 6.2, మిసిసిపీకి 3.55. ఎప్పుడు తెరవాలి, వారాంతాలే తెరవాలా అన్నది రాష్ట్రం ఇష్టం. కోటా దాటితే మరుసటి ఏడాది కోత.

ఇక్కడితో కథ సుఖాంతమని అందరూ అనుకున్నారు. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా లెక్కపెడుతోందన్న విషయం అప్పుడు ముందుకొచ్చింది. అలబామాలో 2014 నుంచి స్నాపర్ తెచ్చిన ప్రతి పడవా యాప్‌లోనో కాగితం మీదో చెప్పి తీరాలి. లూసియానాకు తన సొంత సర్వే ఉంది. టెక్సాస్ కేంద్ర సర్వేలో లేదు, 1970ల నుంచి తన పద్ధతి తనదే. రూపాయినీ డాలర్‌నీ మారకం రేటు లేకుండా ఒకే ఖాతాలో కూడినట్టు, ఈ లెక్కలన్నీ కేంద్రం కోటాలో కలిపేసేవాళ్లు. 2023 జనవరి నుంచి మారకం రేట్లు పెట్టారు. అలబామాకు మొదట పెట్టింది 0.4875. అంటే అలబామా ఒక చేప అని రాసుకుంటే కేంద్రం లెక్కలో అది రెండు. దాంతో ఆ రాష్ట్రం చేతికొచ్చే కోటా సగానికి పైగా తెగిపోయింది. మిసిసిపీకి 0.384, ఇంకా దెబ్బ. టెక్సాస్‌కు ఒకటికి ఒకటే. తప్పనిసరిగా రిపోర్ట్ చేయించి కష్టపడి లెక్కపెట్టిన రాష్ట్రాలకే కోత పడటం చూస్తే వాళ్ల మంట అర్థమవుతుంది.

పోనీ కేంద్రం లెక్కే సరైనదా? 2018 దాకా ల్యాండ్‌లైన్లకు ఫోన్ చేసి అడిగేవాళ్లు. ల్యాండ్‌లైన్లు మాయమయ్యేసరికి పోస్టులో ప్రశ్నపత్రం పంపడం మొదలెట్టారు. అంతే, ట్రిప్పుల అంచనా చాలాచోట్ల రెండు మూడు రెట్లయింది. సముద్రంలో ఏమీ మారలేదు, అడిగే తీరు మారింది. అక్కడితో ఆగలేదు. ఆ ప్రశ్నపత్రంలో ముందు “గత రెండు నెలల్లో ఎన్నిసార్లు వెళ్లారు” అని, ఆ తర్వాత “గత ఏడాదిలో ఎన్నిసార్లు” అని అడిగేవాళ్లు. ప్రయోగంగా కొంతమందికి ఈ వరస తిరగేసి, ఏడాది ప్రశ్న ముందు పెట్టారు. అంచనాలు 30 నుంచి 40 శాతం పడిపోయాయి. రెండు నెలల ప్రశ్న ముందొస్తే జనం మార్చిలో వెళ్లిన ట్రిప్పునీ మే నెల ఖాతాలో రాసేస్తున్నారట. 2023లో ఈ సంగతి చెప్పింది కేంద్ర శాఖే. ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాలి. కానీ రెండు ప్రశ్నల వరస మీద ఆధారపడిన అంకె ఒక రాష్ట్రం సీజన్‌ను నిర్ణయిస్తోందంటే, కొలబద్ద పట్టుకున్న డెక్ కుర్రాడి మీద కోపం రావడం సహజం.

సముద్రంలో అసలెన్ని చేపలున్నాయో సర్వే చేయించాలని అమెరికా పార్లమెంటు కోటి డాలర్లిచ్చింది. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ–కార్పస్ క్రిస్టీలోని హార్ట్ పరిశోధనా సంస్థ ఆధ్వర్యంలో కెమెరాలు, సోనార్‌లు, ట్యాగులతో గల్ఫ్ అంతా గాలించారు. 2021లో తేలింది 11 కోట్ల చేపలని. ప్రభుత్వ అంచనా అంతకుముందు 3.6 కోట్లే. “చూశారా, మేం చెప్పలేదా” అని వేటగాళ్లు సంబరపడ్డారు. కోటా మాత్రం కొద్దిగానే పెరిగింది. కొత్తగా కనపడ్డ చేపల్లో చాలావరకు అందరికీ తెలిసిన గుట్టల మీద, చమురు ప్లాట్‌ఫారాల కింద ఉన్నవి కావు. చదునైన ఇసుక మేటల మీద చెదిరి ఉన్నవి. వేట జరిగేది గుట్టల దగ్గర. ఎక్కడో ఉన్న చేపల్ని చూపించి ఇక్కడ కోటా పెంచితే గుట్టలు ఖాళీ అవుతాయని శాస్త్రవేత్తల వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

లెక్కలో ఇంకో బొక్క ఉంది. డెక్ మీద దాన్ని కళ్లారా చూడొచ్చు. నూట యాభై అడుగుల లోతు నుంచి చేపను జరజరా పైకి లాగితే ఒత్తిడి తగ్గి, లోపలి గాలితిత్తి బెలూన్‌లా ఉబ్బుతుంది. కళ్లు బయటికొస్తాయి, పొట్ట తిరగబడి నోట్లోంచి పొడుచుకొస్తుంది. చిన్న చేప కదా అని జాలిపడి వదిలేస్తే కిందికి దిగలేక వెల్లకిలా తేలుతుంది. పెలికన్లు, డాల్ఫిన్లు, సొరలు దానికోసమే పడవ చుట్టూ తిరుగుతుంటాయి. రూల్ ప్రకారం వదిలేశాం, చేప మాత్రం చచ్చింది. గాలి తీసే బోలు సూది పడవలో ఉండాలని 2008లో నిబంధన పెట్టారు, 2013లో తీసేశారు. 2022 జనవరిలో అమల్లోకొచ్చిన చట్టంతో మళ్లీ వచ్చింది. ఆ సూది గానీ, చేప దవడకు క్లిప్ పెట్టి బరువుతో లోపలికి దించే పరికరం గానీ చేతికందేలా సిద్ధంగా ఉండాలన్నది ఆ చట్టం పెట్టిన నియమం. దాని గడువు 2026 జనవరి దాకానే. వదిలేశాక చచ్చిన చేపలూ మొత్తం లెక్కలోకి వస్తాయి. ఇదెంత దూరం పోతుందో అట్లాంటిక్ తీరాన చూడొచ్చు. అక్కడ 2024లో సరదా వేటగాళ్లకు రెడ్ స్నాపర్ సీజన్ ఒక్క రోజు. మిగతా ఏడాదంతా వేరే చేపలకు వేసిన గాలాలకు స్నాపర్లు తగిలి, వదిలేసినా చస్తున్నాయి. పట్టుకెళ్లడానికి అనుమతించాల్సిన చేపలు ఆ పద్దులోనే ఖర్చయిపోతున్నాయి.

గాల్వెస్టన్ పడవలాంటి టికెట్ పడవలది మరో దారి. వీళ్ల పర్మిట్ల సంఖ్యకు హద్దుంది. కేంద్రం పర్మిట్ ఉన్నవాళ్లు కేంద్ర జలాలు మూసిన రోజున రాష్ట్ర జలాల్లోనూ స్నాపర్ పట్టకూడదు. 2014లో సొంత పడవలవాళ్లు ఇంటి దగ్గర నీళ్లలో దర్జాగా పడుతుంటే, పర్మిట్ కెప్టెన్లు పడవలు కట్టేసుకుని కూర్చున్నారు. అందుకే 2015లో సరదా కోటాలోంచి 42.3 శాతం విడగొట్టి వీళ్లకిచ్చారు. ఆ ఏడాది వీళ్ల సీజన్ 44 రోజులు, సొంత పడవలకు పది. సొంత పడవ లేని మనలాంటివాళ్లకు ఆ విభజన మేలే చేసింది. అయితే వీళ్ల లెక్కను పక్కాగా తేల్చడానికి ప్రతి పడవకూ జీపీఎస్ పెట్టమంటే కెప్టెన్లు ఎదురుతిరిగారు. మా పడవ ఎప్పుడెక్కడుందో ఇరవైనాలుగు గంటలూ మీకెందుకని కేసు వేశారు. 2023లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ నిబంధన కొట్టేసింది. లెక్క తప్పంటారు, లెక్కపెడతామంటే వద్దంటారు.

మన తీరంలో ఈ గొడవ వినపడదు. ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం 1994 నాటిది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మరపడవల మీద, ఇంజిన్ పడవల మీద. అది గుడ్లు పెట్టే కాలం కోసం, జీవనాధారంగా వేట చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. విశాఖలో ఆదివారం రాళ్ల మీద కూర్చుని గాలం వేసే మనిషి దాని లెక్కలో లేడు. అతని సంఖ్య అంత చిన్నది మరి. గల్ఫ్‌లో సరదా వేట సగం చేపను తీసుకెళ్తుంది.

నన్నడిగితే రోజుల్ని లెక్కపెట్టడం మానేసి చేపల్ని లెక్కపెట్టాలి. దీనికి నమూనా టెక్సాస్‌లోనే ఉంది. ఉప్పునీటి వేట లైసెన్స్‌తో పాటు రెడ్ డ్రమ్ చేపకని ఒక ట్యాగ్ ఇస్తారు. ఆ చేప మామూలుగా 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి. అంతకంటే పెద్దది తీసుకెళ్లాలంటే తేదీ వేసి ఆ ట్యాగ్ తోకకు కట్టాలి. ఆ ట్యాగూ, కొనుక్కోగల బోనస్ ట్యాగూ అయిపోతే పెద్ద చేప ఆశ వదులుకోవాలి. స్నాపర్‌కూ అలాగే ఏడాదికి ఇన్ని ట్యాగులని ఇచ్చేస్తే ఎవరు ఏ రోజు వెళ్తేనేం. తుఫాను హెచ్చరిక ఉన్న శనివారం సీజన్ పోతోందని పిల్లల్ని తీసుకుని బయల్దేరాల్సిన పనీ ఉండదు. ఈ ఆలోచన కొత్తదేం కాదు, గల్ఫ్ చేపల మండలిలో చాలాసార్లు చర్చకొచ్చింది. ప్రతిసారీ ఒకచోటే ఆగిపోతోంది. కోటాలో చేపలు తక్కువ, లైసెన్సులు లక్షల్లో. అందరికీ పంచితే తలా ఒకటో రెండో వస్తాయి, లేదంటే లాటరీ తీయాలి. ఏటా లైసెన్స్ కొంటున్న మనిషికి ఈసారి మీ పేరు రాలేదని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి ఐదు రాష్ట్రాల్లో ఏ గవర్నరూ ఇంతవరకు సిద్ధపడలేదు.